పావు నూలు సందు

సిరిసిల్లలో నూలు అంటే రెండు. మగ్గానికి ఎక్కేది ఒకటి, స్కేలు మీద ఉండేది ఒకటి. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని పనివాళ్లు నూలు అంటారు. ముత్యం మొదటి నూలు జోలికి ఎన్నడూ పోలేదు. రెండో నూలుతోనే ముప్పై ఆరేళ్లు బతికాడు.

పుట్టింది సారంగాపూర్ పక్కన ఒక పల్లెలో. గుంట భూమి లేని ఇల్లు. తండ్రి పోచయ్య ఊళ్లో ఒకరి దగ్గర జీతం ఉండేవాడు, అంటే ఏడాది పొడుగునా ఆ ఇంటి ఎడ్లతో సమానం. కొడుకు కూడా అదే కాడి కిందికి పోవలసినవాడే. కానీ పందొమ్మిదో ఏట మేనమామను పట్టుకుని సిరిసిల్ల వచ్చి, ఒక లేత్ మిషన్ షెడ్డులో ఇనుము మోసే పనికి కుదిరాడు. రెండేళ్లు మోశాడు. మోస్తూ మోస్తూ ఉస్తాద్ చేతుల వంక చూశాడు. మూడో ఏట ఉస్తాద్ జ్వరంతో పడుకుంటే, ఎవరూ చెప్పకుండానే మిషన్ ముందు నిలబడి ఇరుసు తిరిగే గుండ్రటి బుష్షులు రెండు కోశాడు. ఉస్తాద్ వచ్చి వాటిని తిప్పి తిప్పి చూసి, తిట్టలేదు. అంతకుమించిన సర్టిఫికెట్ ఆ షెడ్డులో ఎవరికీ దొరకలేదు.

మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. సాంచాలో అరిగిపోని భాగం లేదు కాబట్టి లేత్ పనివాడికి తీరిక లేదు. ఉస్తాద్ నేర్పిన విద్య అంతా ఒక్క మాటలో ఉంది.

"సందు ఇడువురా ముత్యం. షెడ్డు నిండ దూది లేస్తది, ఇనుము ఏడెక్కుతది. బిగబట్టి కోస్తే పగటాల్లకే పట్టేస్తది. పావు నూలు ఇడువు, సాంచా ఊపిరి తీస్కుంటది."

పావు నూలంటే ఎంత? గోరు అంచు ఆగీ ఆగనంత. ముత్యం దాన్ని కొలిచేవాడు కాదు. వేలు లోపల పెట్టి ఒక చుట్టు తిప్పితే చాలు, ఎంత సందు ఉందో వేలికి తెలిసేది. ఆయన కోసిన బుష్షు వేసిన సాంచా ఆగదని పేరు పడింది. మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు ఆయన ఈడువాళ్లంతా దుబాయి, మస్కట్ పోయారు. ఆయనకూ బావమరిది వీసా చూశాడు. "నేను పోతే గీడ సాంచాలు ఆగుతయి" అని పోలేదు. పాపం, అప్పుడు పోయినా సాంచాలు ఆగేవి కావు. తర్వాత ఆయన ఉండగానే ఆగాయి.

ఆర్డర్లు తగ్గాయి. ఒక్కో షెడ్డులో చప్పుడు సన్నగిల్లింది. సాంచాలను తూకానికి అమ్ముకుంటుంటే వాటితో పాటు ముత్యం కోసిన బుష్షులు, గేర్లు, కడ్డీలు కూడా తూకంలోనే పోయాయి. రెండేళ్ల కింద భార్య భూమవ్వ గుండె ఆగి పోయింది. చివరికి మొన్న వానాకాలం లేత్ షెడ్డు యజమాని కూడా చేతులెత్తేశాడు. లేత్‌ను గ్యాస్ కట్టర్‌తో మూడు ముక్కలు చేసి డీసీఎం లారీలోకి ఎక్కిస్తుంటే ముత్యం పక్కనే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డావయ్యా అని ఎవరో అడిగితే, "ఎవరన్న సరిగ ఎక్కియ్యాలె గద" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన లెక్కలో, తను చేసినవాటిలో ఇంకా తిరుగుతున్నవి ఈ భూమ్మీద రెండే రెండు వస్తువులు. అవి కోరుట్లలో అల్లుడి కారు ముందు చక్రాలకు ఉన్నాయి.

అల్లుడు అంజి కారు నడుపుతాడు. గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయానికి తీసుకుపోవడం, వచ్చేవాళ్లను తెచ్చి వాకిట్లో దించడం అతని పని. మంచివాడు, కాకపోతే కాస్త సోకులరాయుడు. మెట్‌పల్లిలో ఎవరిదో కారు చక్రాలు బయటికి పొడుచుకుని ఉండటం చూసి మనసు పడ్డాడు. పోయిన సంక్రాంతి దాటాక సిరిసిల్ల వచ్చినప్పుడు ఆ ముచ్చట మామ ముందు పెట్టాడు.

"స్పేసర్లంటరు మామా. చక్రానికీ, దాన్ని బిగిచ్చే లోపటి హబ్బుకూ నడుమ ఏస్తే చక్రం గింత బయటికి అస్తది. ఆన్‌లైన్ల తెప్పియ్యాలె."

"గుండ్రని రింగే గద. గదానికి ఆన్‌లైన్ ఎందుకు, నేను లేనా?" అన్నాడు ముత్యం.

భూమవ్వ పోయిన తర్వాత ఆయన నవ్వగా కూతురు సుజాత చూసింది అప్పుడే. నాలుగు రోజులు ఆ రెండు రింగుల మీదే ఉన్నాడు. అల్యూమినియం దిమ్మె తెచ్చి, అర అంగుళం మందాన కోసి, అద్దంలా మెరుగు పెట్టి, బోల్టుల రంధ్రాలు వేసి, పొడుగు బోల్టులు వెతికి తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత అల్లుడు ఎప్పుడు సిరిసిల్ల వచ్చినా ముత్యం ముందు మనిషిని పలకరించేవాడు కాదు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని రింగు అంచు మీద వేలు నడిపి, "ఎట్లున్నయ్?" అనేవాడు.

"మస్తున్నయ్ మామా" అనేవాడు అంజి.

చాయ్ హోటల్‌లో, మంగలి షాపులో, బీడీల కంపెనీ ముందు, ఎక్కడ కూర్చున్నా ముత్యానికి అదే మాట. "నా రింగుల మీద కారు ఏర్‌పోర్టుకు పోయస్తాంది" అని. వినేవాళ్లకు విసుగు వచ్చింది కానీ ఆయనకు రాలేదు. లేత్ పోయాక ఆ మాట ఇంకా ఎక్కువైంది. మనిషికి ఏదో ఒకటి పట్టుకోవడానికి ఉండాలి కదా.

సుజాత పోరగా పోరగా ముత్యం కోరుట్ల వచ్చి ఉండటానికి ఒప్పుకున్నాడు. అంజి కారు తెచ్చాడు. ఒక పెట్టె, ఒక మూట, అంతే సామాను. ముత్యం అలవాటుగా చక్రం దగ్గర కూర్చుని రింగు తడిమి, ముందు సీటులో ఎక్కాడు. ఆ కారులో ఆయన అంత దూరం ప్రయాణం చేయడం అదే మొదలు. ఇన్నాళ్లూ నిలబడి ఉన్న కారునే చూశాడు.

చందుర్తి దాటి రోడ్డు ఖాళీ అయ్యేసరికి అంజి వేగం పెంచాడు. స్టీరింగ్ మీద అతని చేతులు సన్నగా వణకడం మొదలుపెట్టాయి.

"అంజీ, స్టీరింగ్ ఆడుతాంది."

"రోడ్డు గట్లుంది మామా."

"రోడ్డు నిన్న ఏసినట్టున్నది. రోడ్డుది గాదు. ఇంకింత తొక్కు."

అంజి తొక్కాడు. తొంభై ఐదు దాటితే వణుకు తగ్గింది. తగ్గించమన్నాడు ముత్యం. ఎనభైకి వస్తే మళ్లీ వచ్చింది. యాభై అయితే పోయింది. "జర బిరేకు తొక్కు, నిమ్మళంగ" అన్నాడు. బ్రేకు తొక్కితే వణుకు పెరగలేదు.

"బిరేకుది గాదు. సీటు వణుకుతలేదు, అంటే ఎనుకటి చక్రాలది గాదు. ముందటి చక్రాలల్లనే ఉన్నది. ఇన్ని దినాలు ఎట్ల నడిపినవురా? మనుషులను ఎక్కిచ్చుకునే బండి."

"చూపిస్త మామా, రేపో ఎల్లుండో చూపిస్త."

అంజి ముఖం మాడిపోయింది. ముత్యం అది గమనించలేదు. నెలల తర్వాత ఆయనకు ఒక పని దొరికింది. కథలాపూర్ దాకా, అక్కడి నుంచి కోరుట్ల దాకా వేళ్లు డాష్‌బోర్డు మీద ఆనించి, సాంచా చప్పుడు వినే మనిషి లాగే తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు సంతోషంగా ఉంది. ఉట్టి చేతులతో కూతురింటికి పోవడం లేదు, అల్లుడి బండి బాగుచేస్తూ పోతున్నాడు.

ఇంట్లో ఆ మాట ఎత్తగానే సుజాత మొగుడి వంక చూసింది. అతను నేల చూశాడు.

"బండి సంగతి గాయినె చూసుకుంటడు తియ్ బాపు. నువ్వు అచ్చిందే ఇయ్యాల. రెండు రోజులు కాలు మీద కాలు ఏసుకొని కూసో."

"కూసుంటే ఒళ్లు పట్టేస్తది బిడ్డా" అన్నాడు ముత్యం.

మర్నాడు తెల్లవారుతుండగానే అంజి జాకీ, పానా పట్టుకుని పిల్లిలా బయటికి వచ్చాడు. వాకిట్లో కారు పక్కన ముత్యం అప్పటికే చాయ్ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు.

"నువ్వు గూడ లేచినవా? శెభాష్. గీడ ఇప్పి పెట్టుకున్నా మిషన్ లేకుంట తెల్వది. జగిత్యాలకు పోదాం. మైసయ్య ఉన్నడు, మా ఊరోడే, చక్రాల పని ఆయనకు ఎరుకున్నంత ఇంకెవలకు ఎరుకలేదు."

"కోరుట్లల ఉన్నరు గద మామా..."

"మైసయ్య అయితే ఉన్నదున్నట్టు చెప్తడు" అన్నాడు ముత్యం.

మైసయ్య షాపు జగిత్యాల కొత్త బస్టాండు అవతల. బక్క మనిషి, గట్టి గొంతు, మొహమాటం అనేది పుట్టినప్పుడే మరిచి వచ్చినవాడు. "ముత్యమన్నా!" అని ఎదురొచ్చి, కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. ముత్యం కుర్చీలో కూర్చోలేదు. కారు దగ్గరే నిలబడి, ఎంత వేగంలో వణుకుతుందో, ఎప్పుడు ఆగుతుందో, బ్రేకు తొక్కితే ఏమయిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. మైసయ్య తల ఊపి, ముందు చక్రాలు ఊడదీసి ఒక్కొక్కటే బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఎక్కించాడు. చక్రం గిర్రున తిరిగింది. మిషన్ రెండు వైపులా బరువు తేడా సున్నా అనే చూపింది. రెండో చక్రమూ అంతే. టైరు మీద అరచేయి వేసి చుట్టూ తడిమాడు. ఉబ్బు లేదు, అరుగుడు లేదు.

"చక్రాలల్ల ఏం లేదన్నా. బంగారమోలె ఉన్నయి."

"బండికి బిగిచ్చి తిప్పు" అన్నాడు ముత్యం.

అంజి రెండడుగులు వెనక్కి జరిగాడు. మైసయ్య చక్రం బిగించి, కారు జాకీ మీదే ఉండగా చేత్తో తిప్పుతుంటే, ముత్యం స్క్రూడ్రైవర్ మొనను రిమ్ము అంచుకు ఆనీ ఆనకుండా పట్టాడు. సగం చుట్టు మొన గీసుకుంది. సగం చుట్టు వెలుగు కనిపించింది. ఇంకోసారి తిప్పించాడు. మళ్లీ అంతే.

"ఎక్కుతాంది, దిగుతాంది" అన్నాడు. గొంతులో గెలుపు ఉంది. "మిషన్ మీద గుండ్రంగ తిరిగింది. బండి మీద తిరుగుతలేదు. గట్లయితే చక్రంది గాదు మైసయ్యా, నడుమ ఏదో ఉన్నది."

నడుమ ఏముందో అన్నాక గానీ ఆయనకు తట్టలేదు. నడుమ ఉన్నది ఒక్కటే.

మైసయ్య అప్పటికే చక్రం లాగేశాడు. హబ్బు మీద రింగు అలాగే ఉంది. దాన్ని వేళ్లతో పట్టుకుని ఆడించాడు. ఆడింది. గోడకున్న హాక్సా బ్లేడు తీసుకుని హబ్బుకూ రింగుకూ మధ్య పెట్టాడు. బ్లేడు నేరుగా లోపలికి పోయింది.

"సూడన్నా, బిలేడ్ దూరింది! గింత సందు ఇడిస్తే చక్రం నడుమ ఎట్ల కూసుంటది? ఒకపక్కకు జారి కూసుంటది, తిరిగినకొద్ది ఊపుతది. దీనికి సందు ఉండద్దు, సుత్తెతోని తట్టితే ఎక్కాలె. ఏ గుడ్డోడు కోసిండే గిది?"

"నేనే" అన్నాడు ముత్యం.

మైసయ్య చేతిలో బ్లేడు కిందికి వాలింది. ఏదో సర్దబోయాడు కానీ సర్దడం రాని మనిషికి ఆ పూట కూడా చేతకాలేదు. ముత్యం అతని మీద కోపం తెచ్చుకోలేదు. తప్పు ఎక్కడుందో ఆయనకు క్షణంలో అర్థమైంది. ఎవరూ అడగకుండానే ఆయన వేళ్లు ఆ రింగుకు పావు నూలు సందు వదిలాయి. సాంచాకు ఊపిరి అయినది చక్రానికి రోగమైంది. ముప్పై ఆరేళ్లు నిలబెట్టిన విద్య ఇక్కడ తప్పు. సరే, మనిషి అన్నాక తప్పు చేస్తాడు. తెలిస్తే సరిచేసుకుంటాడు. అంతవరకు ఆయన తట్టుకున్నాడు.

రింగు ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. పది నెలలు రోడ్డు మీద తిరిగిన రింగుకు బ్రేకుల నల్ల పొడి ఉండాలి. హబ్బు ఒత్తిన మచ్చ ఉండాలి. ఇది అద్దంలా ఉంది. తను కోసినప్పటి సన్న గీతలు ఒక్కటి చెరగలేదు. వంగి, చక్రాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడ హబ్బు గుర్తు, తుప్పుతో సహా, గుండ్రంగా అచ్చుపడి ఉంది. రింగు లేకుండా, చక్రం నేరుగా హబ్బు మీద నెలల తరబడి కూర్చుంటే తప్ప ఆ అచ్చు పడదు.

ఇనుము అబద్ధం చెప్పదు. చెప్పించడానికి మనుషులు కావాలి.

"అంజీ, గివి ఎప్పుడు బిగిచ్చినవ్?"

"నిన్న పొద్దుగాల మామా. నీ దగ్గరికి అచ్చేటప్పుడు, వేములవాడల ఆపి."

"అంతకు ముందట?"

"అంతకు ముందట గూడ గట్లనే. సిరిసిల్లకు అచ్చినప్పుడల్లా వేములవాడల బిగిచ్చుకునుడు, పోయేటప్పుడు ఇప్పుకునుడు. నువ్వు బస్సుల కోరుట్లకు అచ్చినప్పుడు ఇంటికాన్నే." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏసిన మొదటి వారమే ఊగింది మామా. బారాన పోయేటోళ్లు, ఆడోళ్లు, పిల్లలు ఉన్నరు బండిల. నిద్రపోతున్నవా అని నన్నే తిట్టిండ్రు. తీసేస్తె ఆగింది. నీకు చెప్దామనుకున్న. సుజాత వద్దన్నది."

బారాన అంటే బయటి దేశానికి. అది ముత్యానికి ఎరుకే. ఎరుక లేనిది ఏమిటంటే, ఇన్నాళ్లూ చక్రం దగ్గర కూర్చుని రింగు తడుముతున్నప్పుడు వెనక నిలబడ్డ ఈ పిల్లవాడి ముఖం ఎలా ఉండేదో. ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. చాయ్ హోటల్ మాటలన్నీ గుర్తొచ్చి ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"ఆన్‌లైన్ల మంచియి దొరుకుతయన్నా" అన్నాడు మైసయ్య, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అద్దు. రింగులు లేకుంటనే బిగియ్యి" అన్నాడు ముత్యం.

తిరుగు దారిలో అంజి నెమ్మదిగా నడిపాడు. ముత్యమే, "ఎన్‌భై పోనియ్యి" అన్నాడు. ఎనభై పోయింది. స్టీరింగ్ కదలలేదు. అంజి చేతులు నిలకడగా ఉన్నాయి. ముత్యం కనిపెట్టినది అక్షరాలా నిజం, బండి బాగుపడింది, ఆయన వెతికిన లోపం దొరికింది. కారు ఎంత నిమ్మళంగా పోతే ఆయనకు అంత దుఃఖం వచ్చింది. తను లేకపోతేనే నడిచే బండిలో కూర్చుని, రింగులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి పసుపు చేన్లు చూస్తూ కోరుట్ల దాకా వచ్చాడు. అంజి రెండుసార్లు "మామా" అన్నాడు. రెండుసార్లూ ఆయన "ఊఁ" అన్నాడు, అంతే.

సుజాత గడపలోనే ఎదురైంది. తండ్రి చేతుల్లో రింగులు చూడగానే ఆమెకు ఇక అడగవలసింది ఏమీ మిగలలేదు. పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చేయి వేసింది.

"నేనే చెప్పొద్దన్న బాపు. ఆయనను అనకు. అవ్వ పోయినంక నువ్వు అన్నం సుత తినకపోతివి. గీ రింగులు కోసినప్పుడే జర మనిషివైతివి. మల్ల గిది గూడ పాడైందంటే ఏమైతవో అని భయమైంది."

ముత్యం తల ఊపాడు. కూతురి మీద కోపం లేదు. ఉంటే బాగుండేది, ఒక అరుపు అరిచి తేలికయ్యేవాడు. ప్రేమతో చేసిన పని మీద ఎవరు మాత్రం ఎలా అరుస్తారు?

"మీ అవ్వ ఉంటే మొకమ్మీదనే చెప్తుండె. గిదేం కోసుడయ్యా అని ఇసిరి కొడ్తుండె" అన్నాడు.

"నువ్వు బాధవడ్తవని బాపు..."

"బాధవడ్తుంటి. ఒక్క పూట బాధవడ్తుంటి." రింగు లోపల వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు. "గింతంత తక్కువ కోస్తే అయిపోతుండె. వేరే దిమ్మె తెచ్చి సందు ఇడువకుంట కోస్తే అరపూట పని. ఉంటుండె ఆ రింగులు, తిరుగుతుండె."

"ఇప్పుడన్న చెయ్యి బాపు. ఇంకో దిమ్మె తెప్పిస్త. మంచిగ చెయ్యి, ఆయన బిగిచ్చుకుంటడు."

ముత్యం కూతురి ముఖంలోకి చూశాడు. ఆమె నిజంగానే అంటోంది. ఆయనకు ఏడుపు ఆగలేదు.

"దేని మీద చెయ్యాలె బిడ్డా? అప్పుడు లేత్ ఉండె."